పరదేశ సాహాయ్యము: పాత్రాపాత్ర విచారము

పదునేడవ శతాబ్దమున సూరతు రేవులో ఇంగ్లీషు కంపెనీవారి ధనపు పెట్టె ఖాళీయైనపుడు వారు పోయి తట్టిన తలుపు విర్జీ వోరా యను జైన వర్తకుని యింటి తలుపు. ఈ తీరపు వర్తకమును గుప్పిట బెట్టుకొన్న ఆ సాహుకారు వారికి పలుమారులు అప్పిచ్చెను, వడ్డీయును నిక్కచ్చిగా రాబట్టుకొనెను. 1664లో శివాజీ సైన్యము పట్టణమును కొల్లగొట్టినపుడు మిక్కిలి నష్టపోయిన గృహములలో ఆయనది యొకటి. సూరతులో కొఠీ పెట్టుటకు ముందే, 1611లో, ఆ కంపెనీవారు మన మచిలీపట్టణమున దిగి అద్దకపు గుడ్డల బేరమునకు కూర్చుండిరి గనుక, అప్పులు చేయు తెల్లదొరల ముఖము మన తెలుగు తీరమునకును క్రొత్త కాదు. మూడున్నర శతాబ్దములు గడచినవి. నేడు అదే సూరతు నగరము తన మెట్రో రైలు కొరకు ఫ్రెంచి అభివృద్ధి సంస్థ యొద్ద 25 కోట్ల యూరోలును, జర్మను ప్రభుత్వ బ్యాంకగు కేఎఫ్‌డబ్ల్యూ యొద్ద 44 కోట్ల యూరోలకు పైబడిన మొత్తమును అప్పు దెచ్చుకొన్నది. నగరపు అంచున అంత్రోలి యొద్ద ఆగబోవు బుల్లెట్ రైలునకు జపాను వారి ఋణమే ఆధారము. ఇచ్చిన చేయి పుచ్చుకొను చేయి యగుటకు ఇంతకంటె తేటయగు దృష్టాంతము మన దేశమున మరియొకటి దొరకుట కష్టము.

అట్లని పుచ్చుకొనుటతో కథ ముగియలేదు. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి వచ్చి లింబాయత్, ఉధ్నాలలో సాంచాల మీద రాత్రింబవళ్ళు నిలువుకాళ్ళపై పనిచేయు మన పద్మశాలీల చాయ్ బండ్ల యొద్ద తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: “మన గల్లీల మోరీ సాఫ్ చేసెటందుకు పైసల్లేవు గని, పక్కదేశానికి పంపెటందుకు ఉన్నయా?” భూటానునకు, మాల్దీవులకు, శ్రీలంకకు మన ప్రభుత్వము పంపు కోట్లను గూర్చి యీ ప్రశ్న. ఇంటిలో ఈగల మోత, బయట పల్లకి మోత యను సామెత వారి నోట నూరకే రాదు. చిత్రమేమనగా, సరిగా ఇదే ప్రశ్నను బ్రిటిషు పన్ను చెల్లింపుదారులు మనలను గూర్చి సంవత్సరముల తరబడి వేసిరి. అంతరిక్షమునకు రాకెట్లు పంపు దేశమునకు మన పన్ను డబ్బెందుకని వారి పత్రికలు గోలచేయగా, 2012లో బ్రిటిషు ప్రభుత్వము భారతదేశమునకు గ్రాంట్లు 2015 నాటికి నిలిపివేయుదుమని ప్రకటించెను. లింబాయత్‌లోని నేతపనివానికిని, లండనులోని గుమాస్తాకును ఒకే అనుమానము పుట్టినదన్న, ఆ అనుమానమును అజ్ఞానమని త్రోసివేయుట పండితులకు తగదు.

పరదేశ సాహాయ్యమను నొక్క మాట క్రింద వేర్వేరు వస్తువులు దాగియున్నవి. తిరిగి చెల్లింపనక్కరలేని గ్రాంటు ఒకటి. స్వల్ప వడ్డీకి దీర్ఘకాలమున తీర్చవలసిన ఋణము వేరొకటి. ఓడలలో వచ్చు ధాన్యము, విమానములలో వచ్చు నిపుణులు, పెట్టెలలో వచ్చు మందులు వేరు వేరు. వీని నన్నిటిని కలిపి ఒక రాశిగా పోసి, ధనికదేశములు తమ జాతీయాదాయములో 0.7 శాతము దీనికి వెచ్చింపవలెనని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించినది. స్వీడను, నార్వే వంటి కొలది దేశములు తప్ప ఆ గీటు దాటినవారు లేరు, అమెరికా దాని దరిదాపులకైనను రాలేదు. ఈ ధనము వలన మేలా కీడా యను వివాదమున కొక పెద్ద గ్రంథాలయమే కలదు. ప్రభుత్వముల చేతికిచ్చిన ధనము ప్రభుత్వములనే బలపరచును గాని ప్రజలను గాదని పీటర్ బాయర్ వాదించెను; పేదరికపు ఊబినుండి పైకి లాగుటకు ఒక పెద్ద ఊపు కావలెనని జెఫ్రీ సాక్స్, అట్టి పెద్ద ప్రణాళికలే అనర్థమూలములని విలియం ఈస్టర్లీ, ఆఫ్రికాకు సాయము వ్యసనముగా మారినదని జాంబియా బిడ్డయగు డాంబిసా మోయో వ్రాసిరి. ఇంత దూరము పోనేల? సూరతునకు ఉత్తరమున అహమ్మదాబాదులో, గుజరాతు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించుచుండిన బి. ఆర్. షెనాయ్, 1955లోనే, రెండవ పంచవర్ష ప్రణాళికపై ఏర్పడిన ఆర్థికవేత్తల మండలిలో తానొక్కడే అసమ్మతి పత్రము వ్రాసి, అమెరికా ధాన్యసాహాయ్యమును సైతము తరువాత తీవ్రముగ విమర్శించెను. ఆనాడు ఆయన మాట నెవ్వరును చెవిని బెట్టలేదు. ఈ మహావాదములలో నాకు కనబడు లోపమొక్కటే: అందరును ఇచ్చువాని సంచిని కొలుచుచున్నారు, పుచ్చుకొన్న ఊరిలో ఆ సంచి ఎవరి ముందు విప్పబడినది, లెక్క అడుగువాడెవ్వడు, అను విచారణ మాత్రము అడుగంటినది. దానమును గూర్చి మన పెద్దలు మొదట చూచినది పాత్రాపాత్రములను గదా.

దీనికి సూరతు చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1994 వానకాలమున తాపీనది పొంగి పల్లపు వాడలను ముంచి, పశుకళేబరములును చెత్తయును వీథులలో విడిచి తీసినది. సెప్టెంబరు మూడవ వారమున వేడ్ రోడ్డు, కతార్‌గామ్ ప్రాంతములలో జ్వరముతో, రక్తపు కఫముతో జనులు చనిపోసాగిరి. అది న్యుమోనిక్ ప్లేగని వార్త పొక్కినది. చనిపోయినవారు ఏబది మందికి అటునిటు. పారిపోయినవారు లక్షల సంఖ్యలో. వజ్రములు సానబెట్టు సౌరాష్ట్రులు, ఒరియా కార్మికులు, మన నేతపనివారు, తుదకు ప్రైవేటు వైద్యులలో అనేకులు సైతము, దొరకిన రైలెక్కి పట్టణము విడిచిరి. టెట్రాసైక్లిన్ బిళ్ళలు మందుల దుకాణములలో అంతర్ధానమైనవి. గల్ఫు దేశములు విమానములు నిలిపివేసెను, మన సరకులను సైతము అనుమానముతో చూచిన దేశములు కలవు. ఎన్నడో కనుమరుగైనదనుకొన్న రోగము పేరు వినినంతనే ప్రపంచము భారతదేశము ముఖముమీదనే తలుపు వేసికొనెను.

అప్పుడు విదేశముల నుండి వచ్చిన సాయ మెట్టిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టరు జనరలు హిరోషి నకజిమా స్వయముగా వచ్చెను. ఆ సంస్థ పంపిన శాస్త్రజ్ఞుల బృందము పరీక్షలు చేసెను. డబ్బు లెక్కకు ఇది అల్పమే. కాని అంతర్జాతీయ సంస్థ ముద్ర వేసి ‘భయము తగ్గినది’ అని చెప్పుట చేతనే విమానములు మరల ఎగురుటకు దారి యేర్పడినది. ఆ పని కోట్ల రూపాయలు పోసినను మన వైద్యశాఖ స్వవచనముతో సాధింపగలిగినది కాదు. స్వల్పమైనను సమయమునకు తగిన సాయము కాబట్టి దీనిని నేను సఫలమనియే లెక్కింతును.

కాని రోగము పోయినంత మాత్రమున మురికి పోలేదు. మరుసటి సంవత్సరము, 1995 మే నెలలో, నగరపాలక కమిషనరుగా సూర్యదేవర రామచంద్రరావు వచ్చెను. ఇంటిపేరు వినగానే కృష్ణా గుంటూరు మండలముల వారు చెవులు నిక్కించునట్టి ఈ అధికారి, ఏ ప్రపంచ బ్యాంకు ఋణమునకును ఎదురుచూడక, తన చేతిలోనున్న మునిసిపల్ చట్టమును, నగర ప్రవేశ సుంకమగు ఆక్ట్రాయి ఆదాయమును పట్టుకొని పని మొదలుపెట్టెను. నగరమును ఆరు మండలములుగా విభజించి, ఒక్కొక్కదానికి అధికారములతో గూడిన కమిషనరును నిలిపెను. ‘ఏసీ నుండి డీసీకి’ అని ఆయన పెట్టిన సూత్రమునకు, చల్లని గదుల నుండి దినదిన కృత్యములకు రండని యర్థము, ఆ సూత్రమును అనుసరించి ప్రతి అధికారియు ఉదయముననే వీథిలో నుండవలసి వచ్చెను. రాత్రివేళ సైతము ఊడ్పు సాగినది. రోడ్లమీదికి జరిగిన పెద్దల కట్టడములు మొదట కూలినవి, పిదప చిన్నవారివి. ఈ వరుస క్రమమునే నేను ఆయన ప్రజ్ఞకు ముఖ్యసాక్ష్యముగా భావించెదను, ఏలయన మన ఊళ్ళలో ఆక్రమణల తొలగింపు సాధారణముగ తోపుడు బండితో మొదలై తోపుడు బండితోనే ముగియును. మురికివాడలలో కాలిబాటలు పరచిరి, మరుగుదొడ్లు కట్టిరి, హోటళ్ళకు పరిశుభ్రత లేకున్న జరిమానా వేసిరి. రెండేండ్లు తిరుగకముందే వారసత్వ పరిరక్షణకై వెలసిన ఇన్‌టాక్ సంస్థ సూరతును, చండీగఢ్ తరువాత, దేశములో రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొనెను. 1998లో రామచంద్రరావునకు పద్మశ్రీ లభించెను. ఆయన బదిలీపై పోయిన తరువాత కూడ ఆ యంత్రము ఆగలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరతు ఇండోరుతో కలిసి ప్రథమస్థానమున నిలిచినది.

ఇంతవరకు చదివి, సాయము లేకయే ఊరు బాగుపడును గనుక సాయము వృథాయని తేల్చువారు తొందరపడుచున్నారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి వదలిన నీటిచే నగరములో అధికభాగము మునిగినపుడు, పరిశుభ్రతలో ప్రథమశ్రేణి నందిన ఆ నగరపాలక సంస్థయే నిస్సహాయముగ నిలిచినది. ఎగువన మహారాష్ట్రలో ఎంత వాన కురిసినది, ఎన్ని గంటలలో ఆ నీరు జలాశయము చేరును, ఎప్పుడు ఎంత వదలిన నగరము నిలుచును, అను లెక్క ఒక్క మునిసిపాలిటీ చేయదగినది కాదు. 2008 నుండి రాక్‌ఫెల్లర్ ఫౌండేషను, ఆసియా నగరముల వాతావరణ కార్యక్రమమున, ఇండోరు గోరఖ్‌పురములతో పాటు సూరతును చేర్చుకొని, వరదను ముందుగా సూచించు ఏర్పాటునకు, దానిని నిర్వహించు ట్రస్టునకు ధనమిచ్చినది. ఇది సర్కారు సొమ్ము కాదు, ప్రైవేటు నిధి; అయినను పరదేశపు సొమ్మే. ఇచట సాయము ఫలించుటకు కారణము స్పష్టము: ప్లేగు తరువాత బలపడిన నగరపాలక సంస్థ అప్పటికే యున్నది. పొలము దున్నియున్నప్పుడే విత్తనము మొలచును.

విత్తనమన్న జ్ఞప్తికి వచ్చుచున్నది. మన దేశమునకు వచ్చిన సాయములలో ప్రజలకు బాగుగ తెలిసినది అమెరికా పీఎల్ 480 చట్టము క్రింద పంపిన గోధుమ. 1956 ఆగస్టులో తొలి ఒడంబడిక కుదిరినది. మిగులు ధాన్యమును ఎచట పోయవలెనో తెలియక అల్లాడుచున్న అమెరికాకు అది వదిలించుకొను మార్గము, రూపాయలలోనే వెల చెల్లింపగల మనకు అది కడుపు నింపుకొను మార్గము. వాజశ్రవసుడు యజ్ఞమున, ఇక పాలీయజాలని ఒట్టిపోయిన గోవులను దానమిచ్చెనని కఠోపనిషత్తు చెప్పు కథ యిచట గుర్తుకు రాక మానదు. అయితే ఆకలిగొన్నవానికి ఆ గోధుమ ఒట్టిపోయిన ఆవు కాలేదనుటయు న్యాయమే. 1965, 66 సంవత్సరముల కరవులలో అమెరికా అధ్యక్షుడు జాన్సను, వియత్నాం యుద్ధమును మనము విమర్శించుట సహింపక, ఓడలను నెలనెలకు లెక్కపెట్టి వదలుచు, మన విధానములను మార్చుకొనుడని ఒత్తిడి దెచ్చెను. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గినది, డాలరునకు 4.76 రూపాయలున్నది 7.50 అయినది, దానికి ప్రతిగా వచ్చునని ఆశపెట్టిన సాయము మాత్రము చెప్పినంత రాలేదు. తుదకు పోగుపడిన రూపాయల లెక్క తెగక, 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును మన ప్రభుత్వమునకు తిరిగి యిచ్చి ఖాతా మూసెను. ఆ కాలమున తెలుగునాట బడిపిల్లలు కేర్ సంస్థ పంపిన మొక్కజొన్నరవ్వ ఉప్మాతో మధ్యాహ్నములు గడిపిరి. నేటికిని ఆ పసుపుపచ్చని ఉప్మా రుచిని తలచుకొను వృద్ధులు మన ఊళ్ళలో కొల్లలు.

ఆ కరవుల దశాబ్దముననే మరియొక సాయము, గింజలరూపమున, ఏ ఆర్భాటము లేక వచ్చినది. ఫిలిప్పీన్సులో ఫోర్డు, రాక్‌ఫెల్లర్ ఫౌండేషనుల ధనముతో 1960లో స్థాపితమైన వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అను పొట్టి వంగడమును 1966లో విడుదల చేయగా, మరు సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావను యువరైతు దానిని తన పొలమున పండించి, ఆశ్చర్యకరమగు దిగుబడి సాధించి, ఊరూరికి విత్తనము పంచెను. గోధుమ ఓడలకు అయిన ఖర్చుతో పోల్చిన ఆ విత్తనపు ఖర్చు ఎన్నదగినది కాదు. కాని గోదావరి కాలువలు, సర్ ఆర్థర్ కాటన్ నాటి ఆనకట్ట, చదువుకొన్న రైతు, ఈ మూడును ముందే లేకున్న ఆ గింజ కొంగల మేతయై యుండెడిది. రాజేంద్రనగరులో 1964లో వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయమును తీర్చుటకు అమెరికా సాయధనముతో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము ఆచార్యులను పంపెను. ఆ తరమున తయారైన విస్తరణాధికారులే గ్రామములలో తిరిగినవారు.

ఇక రష్యా సాయమును గూర్చి. ఈ దేశమున చెప్పుకొనదగిన చమురు లేదని పాశ్చాత్య కంపెనీలు తేల్చి చెప్పుచుండగా, సోవియట్ భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి, ఓఎన్‌జీసీ వారిని వెంటబెట్టుకొని వెదకగా, 1958లో ఖంభాతు యొద్దను, 1960లో సూరతునకు ఉత్తరముననున్న అంకలేశ్వరము యొద్దను చమురు పడినది. అంకలేశ్వరపు బావికి నెహ్రూ వసుధార యని పేరు పెట్టెను. నేడు దక్షిణ గుజరాతు పారిశ్రామికముగ వెలుగుచున్నదన్న దానికి ఆ బావులు ఒక మూలము. ఈ సాయము లెక్కల పుస్తకములోనూ, భూమిమీదనూ, రెంటను సఫలము. దానికి విరుద్ధమైనది హైదరాబాదు కథ. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ అను ప్రభుత్వ సంస్థ, సోవియట్ సాంకేతిక సాయముతో హైదరాబాదున పెద్ద మందుల కర్మాగారము నెలకొల్పెను. లెక్కల పరిభాషలో అది విఫలము: 1992 నాటికి ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడినది. ఆ కర్మాగారపు తుప్పుపట్టిన యంత్రములను చూచినవాడెవ్వడైనను, ఇదిగో పరదేశ సాయము వృథాయైన చోటు, అని వ్రేలెత్తి చూపును. కాని అందులో పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించెను. ఆ కార్ఖానాలో రసాయనవిద్య నేర్చుకొన్న మరెందరో తలకొక చిన్న మందుల పరిశ్రమ పెట్టి, హైదరాబాదును ప్రపంచపు మందులకొట్టుగ చేసిరి. ఐడీపీఎల్ లాభనష్టపు పట్టికలో ఈ పంట జమకు రాలేదు, రాదు కూడ. అట్లని నష్టములో నడచిన ప్రతి సర్కారు సంస్థయు రహస్యముగ లాభము పండించినదని వాదింపబోను. అట్టి వాదము ప్రతి అసమర్థునికిని ఆశ్రయమగును. ఇక్కడ మిగిలినది మనుష్యులలోని నేర్పు. వారికి సొంతముగ పని పెట్టుకొను స్వేచ్ఛ దొరకిన నాడు ఆ నేర్పు మొలకెత్తినది.

షరతులతో వచ్చిన సాయము మరియొక జాతికి చెందినది. 1998లో ప్రపంచ బ్యాంకు ఒక రాష్ట్రప్రభుత్వపు ఆర్థిక వ్యవస్థనే సంస్కరించుటకు ఆంధ్రప్రదేశమునకు ఋణమిచ్చెను. 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డు చీలి జెన్‌కో, ట్రాన్స్‌కోలైనది. బ్రిటిషు సాయధనము ఈ సంస్కరణలకు సలహాదారుల రూపమున పారెను. ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకమునకు సలహా చెప్పుటకు లండనులోని ఆడం స్మిత్ ఇనిస్టిట్యూటువారు ఆ ధనముతోనే వచ్చిరి. ఇట బ్రిటిషు ప్రజ యిచ్చిన సొమ్ములో కొంత తిరిగి బ్రిటిషు సలహాదారుల జేబులోనికే చేరినదని చెప్పిన అతిశయోక్తి కాదు. విద్యుత్ ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగ జనము కదలగా, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించిరి. సంస్కరణలలో కొన్ని అవసరమైనవే కావచ్చును, అప్పటి బోర్డు నష్టములు నిజమైనవే. కాని వానిని నిర్ణయించినది ఎవరో, వానికి మూల్యము చెల్లించినది ఎవరో, ఈ రెండు వర్గములు ఒకరి ముఖమొకరు ఎరుగరు. మరుసటి యేడు మెదకు జిల్లాలో సన్నకారు రైతులతో, అధికముగ స్త్రీలతో, ప్రజాతీర్పను పేర ఒక న్యాయమండలి కూర్చుండి, రాష్ట్రపు విజన్ 2020 ప్రణాళికను, దానివెనుకనున్న సాయధనమును విచారించి తిరస్కరించినపుడు, బ్రిటనులో దాతలును పరిశోధకులును ఒకరిపై నొకరు లేఖాస్త్రములు ప్రయోగించుకొనిరి. మండలి యెంపిక సరిగా జరిగినదా యను చర్చ వేరు. పాడిపంటల సంగతి ఎరిగిన స్త్రీలు ముందుగా తమ్మెవరును అడుగలేదని చెప్పుట నాకు ముఖ్యమైన వాక్యముగ తోచినది.

అదే కాలమున, అదే రాష్ట్రమున, అడిగి చేసిన పనియు నొకటి కలదు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము మహబూబునగరు, కర్నూలు, అనంతపురము జిల్లాలలో స్త్రీల పొదుపు సంఘములను ఊరూరికి, మండల మండలమునకు సమాఖ్యలుగ అల్లుటకు కొద్దిపాటి ధనముతో ఒక ప్రయోగము చేసెను. అది నిలువద్రొక్కుకొన్న పిదప ప్రపంచ బ్యాంకు ఋణముతో 2000 నుండి వెలుగు పథకముగ విస్తరించి, ఇందిరా క్రాంతి పథమై, 2011లో కేంద్రము ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషనుకు నమూనా యైనది. సంఘపు పుస్తకము సంఘపు స్త్రీ చేతిలోనే యుండుట, వారము వారము కూడి డబ్బెక్కడున్నదో పదిమందిలో లెక్కించుట, ఇదే దాని రహస్యము. ఇక్కడ సైతము అప్పుల మీద అప్పులు చేసి చితికిన కుటుంబములున్నవి. కాని మూడు జిల్లాల మొలక దేశమంత చెట్టగుట సాయధనపు చరిత్రలో అరుదు.

మరల సూరతునకు వత్తము. ముంబయి అహమ్మదాబాదుల నడుమ 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలునకు, సుమారు లక్షా ఎనిమిదివేల కోట్ల తొలి అంచనా వ్యయములో 81 శాతము జపాను ఋణము, వడ్డీ 0.1 శాతము, తీర్చుటకు 50 ఏండ్లు, మొదటి 15 ఏండ్లు అసలు కట్టనక్కర లేదు. వినుటకిది వరమువలె నున్నది, అర్ధమునకు పైగా దానమే యన్నను తప్పు లేదు. కాని ఋణము యెన్‌లలో నున్నది, మన రాబడి రూపాయలలో. ఏబది యేండ్లలో యెన్ విలువ పెరిగిన ఆ దానము కరగును. రైలు, సాంకేతికత జపానువే కావలెనని మొదట ఒప్పుకొన్నందున బేరమాడుటకు మనకు వీలు తక్కువయ్యెను. 1958లో జపాను తన తొలి యెన్ ఋణమును మన దేశమునకే యిచ్చెను. అప్పటినుండియు ఆ దేశపు సాయము దాని పరిశ్రమకు దారి వేయుచునే యున్నది, దానిని వారు దాచనును లేదు. విర్జీ వోరా యుండిన ఆ ఋణపత్రమును రెండుసార్లు చదివి, మారకపు రేటు ప్రమాదము ఎవరిదని మొదట అడిగియుండును.

దాత చేయి వెనుకకు తీసికొన్ననాడేమగునో 2025 చూపినది. 1961లో కెనెడీ స్థాపించిన యూఎస్‌ఎయిడ్, జనవరి 20న వెలువడిన ఒక ఉత్తరువుతో స్తంభించి, జూలై 1తో మూతపడెను. దాని కార్యక్రమములలో నూటికి ఎనుబది మూడు రద్దైనట్లు ఆ దేశపు విదేశాంగ మంత్రియే చెప్పెను. హైదరాబాదు నారాయణగూడలో 2021లో తెరచిన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్ల కొరకు దేశమున వెలసిన మొదటి వైద్యశాల, ఆ గాలికి మూతపడినది. ఆ క్లినిక్ వృథా ఖర్చని ఎవ్వరును అనజాలరు; నాలుగేండ్లలో దాని ఖర్చును రాష్ట్ర వైద్యశాఖ పద్దులోనికి తెచ్చుకొనకపోవుట మన తప్పు. ప్లేగు తరువాత సూరతు చేసినది, నారాయణగూడలో మనము చేయనిది, రెండును ఒకే పాఠపు రెండు పుటలు.

కాబట్టి లింబాయత్ చాయ్ బండి ప్రశ్నకు నా జవాబిది. 2024-25లో భూటానునకు మన కేంద్ర బడ్జెట్టు కేటాయించినది సుమారు 2,068 కోట్లు. అది ఒక్క సూరతు నగరపాలక సంస్థ ఆ సంవత్సరపు బడ్జెట్టులో నాలుగవ వంతునకు సమీపము. దానిని ఆపినంత మాత్రమున లింబాయత్ మోరీ బాగుపడదు. ఆ మోరీ డబ్బు భూటాను పోవుట లేదు, నగరపాలక కార్యాలయములోనే యున్నది, అడుగవలసినది అక్కడ. కాని భూటాను లెక్కను అడుగవద్దనుట కాదు. చుఖా జలవిద్యుత్ కేంద్రమునకు మనమిచ్చినది అరవై పాళ్ళు గ్రాంటు, నలభై పాళ్ళు ఋణము. అది 1980ల చివరి నుండి ఆ చిన్న దేశపు ఖజానాను నింపుచు, మనకును విద్యుత్తు నిచ్చుచున్నది. 2008లో మొదలైన పునాత్సాంగ్‌ఛు మొదటి కేంద్రము, 2013లో కొండచరియ జారినది మొదలు, ఖర్చు పలురెట్లు పెరిగి, నేటికిని విద్యుత్తు నీయలేదు. రెంటికిని డబ్బిచ్చినది మనమే. ఆనకట్ట స్థలమున కొండ గట్టిదనమును ముందుగా ఎవరు పరీక్షించిరి, ఎవరు సమ్మతించిరి, అను ప్రశ్నకు మన పార్లమెంటులో దీర్ఘమగు చర్చ జరుగవలసియుండెను. విదేశీయులకు మనమిచ్చు ఐటెక్ శిక్షణలు 1964 నుండి సాగుచున్నవి. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఋణములు దేశదేశములకు పోవుచున్నవి. ఇచ్చినపుడు వార్త, ముగిసినపుడు వార్త లేదు. సంవత్సరమున కొకమారు, ఏ దేశమున ఏ పని పూర్తియైనది, ఏది ఆగినది, ఎందుకాగినది, అని చెప్పు నివేదిక నొకదానిని పార్లమెంటు ముందు పెట్టుడని ఇక్కడి సభ్యులను, తెలుగు రాష్ట్రముల సభ్యులను అడుగవలసినదని నా పాఠకులకు మనవి. పద్దు చిన్నదనుట దానికి సమాధానము కాదు.

ఆఫ్గనిస్తానములో మనము రెండు పెద్ద కట్టడములు కట్టి యిచ్చితిమి. 2015 డిసెంబరులో కాబూలున ప్రారంభమైన పార్లమెంటు భవనములో 2021 నుండి పార్లమెంటు లేదు. 2016 జూన్‌లో హేరాతు మండలమున ప్రారంభమైన సల్మా ఆనకట్ట, పాలకులు మారినను, హరీ నది నీటిని పొలములకు వదలుచునే యున్నది.